డబ్బాలో రెండొందల నలభై గంటలు

ఆ రోజుల్లో నాకు తెలీనిదంటూ ఏమీ ల్యాదు. ఇరవై రెండేండ్ల వయసు, బీకాం పట్టా, దానికి తోడు మూడు నెల్ల కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్. ఇవన్నీ సంచిలో పెట్టుకొని హగరిలో బస్సెక్కినప్పుడు, నా అంత తెలివైంది బళ్లారి జిల్లాలోనే ఉండదని నా గట్టి నమ్మకం. (మా జేజి మాత్రం "దీనికి నోరెక్కువ, నెమ్మది తక్కువ, ఏం చేస్తాదో ఏమో" అని బస్సులో ఉండేవాళ్లందరికీ వినపడేటట్లు చెప్పింది. జేజి మాట నేను యానాడు విన్నాను గనక!) సండూరులో మా చిన్నమ్మ ఇంట్లో ఉంటా, ఊరి బయట గనికి డంపర్లు తిప్పే ఒక కాంట్రాక్టు ఆఫీసులో టైం కీపరుగా చేరినాను. పేరు పెద్దదే గానీ పని చిన్నది. ఎవరు ఎన్ని గంటలు పనిచేసినారో కంప్యూటర్లో ఎక్కించడం, అంతే. ఆరు నెలలు చూసి, బాగా చేస్తే పర్మనెంటు చేస్తామన్నారు. బాగా చేయకపోవడమనేది ఒకటుంటుందని నాకు తోచనే ల్యాదు.

ఆఫీసంటే రేకుల షెడ్డు. గని దుమ్ము సంగతి సండూరు చూసినోళ్లకు చెప్పనక్కరల్యా. ఫ్యాను రెక్కలు ఎరుపు, ఫైళ్లు ఎరుపు, తాగే నీళ్ల బిందె మూత ఎరుపు. నా తెల్ల చున్నీని చిన్నమ్మ నెలరోజులు ఉతికీ ఉతికీ, "ఇది ఇంక ఈ జన్మలో తెల్లగా కాదు పాపా" అని చించి మసిగుడ్డ చేసేసింది. తెల్లగా నిలబడేది ఒక్కటి ల్యాని అట్లాంటి చోట నేను తెల్ల రంగుతో ఒక ఘనకార్యం చేసినాను. చెప్తా వినండి.

మా మేనేజరుకు మేము పెట్టుకున్న పేరు బేగ సారు. కన్నడంలో బేగ అంటే తొందరగా అని. ఆ మాట అనకుండా ఆయన గంటసేపు ఉన్నాడంటే జ్వరమొచ్చిందని అర్థం. నేను చేరిన మొదటి వారంలోనే పాత రిజిస్టరు పక్కన పడేసి, కంప్యూటర్లో పెద్ద షీటు తయారుచేసినాను. పేర్లు ఒక పక్క, తారీఖులు మీద వరసలో, ఒక్కో గడిలో ఆ దినం పనిచేసిన గంటలు, నిమిషాలు. పనికి రాని దినాల్లో మాత్రం 0:00 అని పడేది. బేగ సారు వెనక నిలబడి చూసి మొహం చిట్లించినాడు. "ఏంది పాపా ఇది, కోళ్లు గుడ్లు పెట్టి పోయినట్ల ఇన్ని సున్నాలు? మీద ఆఫీసు సార్లు చూస్తే ఈడ ఎవురూ పనే చేయరనుకుంటారు. తీసెయ్ తీసెయ్, బేగ!" అన్నాడు.

సున్నాలు కనపడకుండా చేయడానికి ఆ షీటు సెట్టింగుల్లోనే ఒక టిక్కు ఉంటుంది. అది తీసేస్తే సరి. ఈ సంగతి నాకు రెండేండ్ల తరవాత తెలిసింది. అప్పుడే ఎవరినన్నా అడిగుంటే అరనిమిషంలో చెప్పేవాళ్లు. నేను అడగడమా? కోర్సు చేసినదాన్ని! నా సొంత తెలివితో ఒక ఉపాయం కనిపెట్టినాను. 0:00 అని వెతికించి, దొరికిన గడులన్నీ ఒక్కసారే పట్టుకొని, అక్షరాల రంగు తెలుపు చేసేసినాను. తెల్ల కాగితం మీద తెల్ల అంకె. ఉండాది, కానీ కనపడదు. "భలే పాపా! తలకాయంటే నీది తలకాయ," అని బేగ సారు మెచ్చుకున్నాడు. ఇంక చూసుకోండి నా గొప్ప. దినామూ సాయంత్రం ఇంటికి పోయేముందు, దీపం పెట్టినంత భక్తిగా సున్నాలకు తెల్ల రంగు కొట్టి పోయేదాన్ని.

ఇప్పుడు జెండక్క సంగతి. ఆమెకు రికార్డులో వేరే పేరుంది గానీ ఎవరూ ఆ పేరుతో పిలవరు. చోరనూరు నుంచి పొద్దున బస్సుకు వచ్చి, గని దారి పెద్ద రోడ్డును దాటేచోట ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకొని నిలబడేది. ఆరేండ్లు ఆ దుమ్ములో నిలబడింది. లారీ పోయిన ప్రతిసారీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటా, ఆ డంపర్ల పక్కే చూస్తా ఉండేది. ఆ ఏడు మీద ఆఫీసు వాళ్లు, ఉన్న పనోళ్లలో నుంచే ఒకరికి డంపరు నేర్పించి సీటు ఇయ్యాలనుకున్నారు. ఉండేది ఒకటే సీటు. నేర్చుకోడానికి పేరిచ్చింది ఇద్దరే, మా జెండక్క ఒకరు, బేగ సారు బామ్మర్ది ఇంకొకరు. పక్కన నేర్పించే డ్రైవరును పెట్టుకొని రెండొందల నలభై గంటలు తోలాల, ఆ మీద సేఫ్టీ సారు వచ్చి పరీక్ష పెడతాడు. రెండొందల నలభై దాటి ఒక్క నిమిషం కూడా ఎక్కనిచ్చేది ల్యాదు, డీజిలు దండగని. పరీక్ష దినానికి గంటలు నిండకపోతే సీటు ల్యాదు, మరీ తక్కువైతే పేరే కొట్టేస్తారు, మళ్లీ పాత పనికే పోవాల. అంటే జెండక్కకు మళ్లీ జెండానే. (బండిలో మీటరుంటుంది కదా అంటారేమో. ఆ బండిని ముగ్గురు తోలేవాళ్లు. బండి ఎంతసేపు తిరిగిందో మీటరు చెప్తుంది గానీ, ఎవరు తిప్పినారో చెప్పదు కదా.)

జెండక్క సాయంత్రం నేర్పించే డ్రైవరు రాసిచ్చిన చీటీ తెచ్చి నా చేతికిచ్చేది. నేను షీటులో కొడతాంటే, ఆమె సంచిలో నుంచి ఒక సత్తు డబ్బా తీసి, అందులో సెనక్కాయ గింజలు వేసుకునేది. రెండు మూడు దినాలు చూసి, ఆపుకోలేక అడిగినాను.

"ఏందక్కా అది?"

"నా లెక్క పాపా. గంటకు ఒక గింజ, అర్ధగంటకు ఒక బద్ద. మా యమ్మ చేండ్లలోకి కూలికి పోయేటప్పుడు దినానికొక గింజ వేసుకుంటాండె. రాసేకి రాదు కదా మాకు. గింజ అబద్ధం చెప్పదు."

నాకా డబ్బాలు తెలుసు. చిన్నప్పుడు మా వసారాలో కూలీ ఆడోళ్లు "తొమ్మిది దినాలు," అంటే మా జేజి "కాదు, ఎనిమిదే," అని దబాయించేది. అప్పుడొకామె డబ్బా బోర్లించి గింజలు పరిచేది. తొమ్మిది. జేజి నోరు అంతటితో మూతపడేది. అంత చూసినదాన్ని, మర్యాదగా నోరు మూసుకోవచ్చు కదా? ల్యా. కిసకిసా నవ్వి, "కంప్యూటర్ ఉండంగా గింజలేందక్కా! ఆకలైతే నీ లెక్క నువ్వే తినేస్తావు," అన్నాను. జెండక్కకు కోపం రాల్యా. "అందుకే పచ్చివి పెట్టుకున్యా పాపా. వేయించినవైతే మా పిల్లోళ్లు ఉండనిస్తారా?" అని తనూ నవ్వింది.

పరీక్షకు ముందు దినం ఆమె డ్రైవరు దగ్గరికి పోయి, "ఇంగొక బద్ద తక్కువుండాదప్పా," అని అడిగి, సరిగ్గా అర్ధగంట తోలి దిగింది. ఆ చీటీ కూడా నేను షీటులో ఎక్కించినాను. తెల్లారి ఎనిమిదిన్నరకల్లా ఆమె ఆఫీసు గడప దగ్గర నిలబడుండాది. తలకు కొబ్బరినూనె, జడలో కనకాంబరాలు, కాళ్లకు కొత్త బూట్లు. పుట్టినప్పటి నుంచి చెప్పులు తప్ప ఎరగని కాళ్లు, ఆ బూట్లలో అటూ ఇటూ కదల్తాన్నాయి. "కరుస్తాండాయి పాపా, అయినా పర్వాల్యా, పరీక్షకు ఇవి ఉండాల్నంట," అంది. బామ్మర్ది ఒక మూల స్టూలు మీద కూర్చొని ఆవులిస్తాన్నాడు. పాపం మంచోడే, పొద్దున లేవడమే చేతకాదు. లేచిన దినాల్లో మాత్రం వచ్చి తోలేవాడు.

తొమ్మిదికి వస్తాడనుకున్న సేఫ్టీ సారు పావు తక్కువకే జీపు దిగినాడు. పెద్ద మీసాలు, కన్నడం ఆయన. మాతో మాత్రం సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడేవాడు. కూర్చోకముందే, "దినదినం లెక్క నాకు బేడ, వద్దు. ఒక్కొక్కరిది టోటల్ ఎష్టు, ఎంత, అది ఒకటే పేపర్లో కొట్టి ఇవ్వండి," అన్నాడు. అంతవరకు ఆ షీటులో టోటల్ అడిగినవాళ్లే ల్యారు. బేగ సారు నా నెత్తిన నిలబడి "బేగ పాపా, బేగ బేగ," అని జపం మొదలుపెట్టినాడు. నేను చివర్లో ఒక గడి పెట్టి, కూడేసి, అలవాటు కొద్దీ అదే చేత్తో సున్నాలకు తెల్ల రంగు కూడా కొట్టేసి, ప్రింటు కొట్టినాను. కాగితం ప్రింటరు నోట్లో నుంచి పూర్తిగా బయటికి రాకముందే బేగ సారు లాక్కొని పోయి సారు చేతికిచ్చినాడు. అందులో ఏముందో నేను చూడనే ల్యా.

సారు కళ్లద్దాలు పెట్టుకొని చదివినాడు. "ఈ తమ్ముడిది ఇరవై రెండు గంటలు." బామ్మర్ది ఆవులింత మధ్యలో ఆపినాడు. "ఈయమ్మది..." కాగితం తిప్పి చూసినాడు, మళ్లీ తిప్పినాడు. "ఏనూ ఇల్ల. ఖాళీ. ఏనమ్మా, ఒక్క నిమిషం కూడా బండి ఎక్కలేదా నువ్వు?"

జెండక్క నవ్వబోయింది, సారు తమాషా చేస్తాన్నాడనుకొని. ఆయన మొహం చూసి ఆ నవ్వు ఆగిపోయింది. "యాల ఎక్కల్యా సార్? నిండింది సార్. ఇన్నూట నలభై నిన్ననే నిండింది," అని, నా పక్కకు తిరిగింది. "దినామూ రాసిండేది ఈ పాపనే కదా. చెప్పు పాపా, సారుకు చెప్పు."

నేను స్క్రీను చూసినాను. ఆమె పేరుకెదురుగా చివరి గడి తెల్లగా, నా చున్నీ ఎన్నడూ కానంత తెల్లగా ఉండాది. ఆమె తోలిందని నాకు తెలుసు. చీటీలన్నీ నా చేత్తోనే ఎక్కించినా. తప్పు నా షీటులోనే యాడనో ఉందని కూడా ఆ క్షణమే తెలిసిపోయింది. కానీ నా ఆరు నెలలు వచ్చే వారమే నిండేది. బేగ సారు నన్నే చూస్తాన్నాడు. నా నోట్లో నుంచి వచ్చిన మాట ఇది: "సిస్టంలో అట్లే చూపిస్తాండాది సార్."

ఇన్నేండ్లయినా ఆ మాట తల్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది, నా మీద నాకే. జెండక్క నన్ను తిట్టల్యా. ఒకసారి చూసింది, అంతే. తరవాత కొత్త బూట్లతో టకటకమని బయటికి పరిగెత్తింది.

"రూల్స్ ప్రకారం ఇద్దరికీ నిండలేదు. తమ్ముడు ఇరవై రెండన్నా చేసినాడు, తరవాతి సారి చూద్దాం. ఆయమ్మ పేరు తీసేయండి," అని సారు పెన్ను తీసినాడు. పెన్ను మూత తీసేలోపలే జెండక్క ఒగరుస్తా వచ్చి, డబ్బా మూత లాగి, టేబుల్ మీద బోర్లించింది. గలగలమని గింజలు పరుచుకున్నాయి.

"ఏనమ్మా ఇదు, టిఫినా?"

"కాదు సార్. నా గంటలు. గంటకొక గింజ, అర్ధగంటకొక బద్ద. మీరే ఎంచి చూడండి."

బేగ సారు "ఏయ్, తీసెయ్ తీసెయ్," అని చెయ్యి అడ్డం పెట్టబోయినాడు. సేఫ్టీ సారు ఆయన్ను ఆపినాడు. ఆయనదీ సేద్యం చేసే ఇల్లేనేమో, ఆ గింజల్ని చూసిన చూపు వేరేగా ఉండాది. కుర్చీ ముందుకు జరుపుకొని, "ఒందు, ఎరడు, మూరు," అని పదులు పదులుగా కుప్పలు పెట్టడం మొదలుపెట్టినాడు. బామ్మర్ది స్టూలు దగ్గరికి లాక్కొని, బద్దలు రెండు రెండు జతచేసి అందిస్తాన్నాడు. జెండక్క రెండు చేతులూ కొంగులో చుట్టుకొని, ఆయన వేళ్లనే చూస్తా నిలబడుండాది.

నేను ఆ సందులో షీటు మీద పడినాను. ఆ గడికి నల్ల రంగు వేస్తే 0:00 అని వచ్చింది. ఖాళీ కన్నా అది ఇంకా ఘోరం. దినదినం గంటలు మాత్రం అన్నీ సక్కంగానే ఉండాయి, ఒక్కటీ పోల్యా. వేళ్ల మీద కూడితే ఒకసారి రెండొందల ముప్పై ఒకటి వచ్చింది, ఇంకోసారి రెండొందల యాభై. (బీకాం!) ఏం తోచక, ఆ గడిని గడియారం లెక్క నుంచి మామూలు అంకెలోకి మార్చినాను. పది అని వచ్చింది. పదేంది? పది గంటలా? ఆమె వారంలోనే అంతకన్నా ఎక్కువ తోలింది కదా? తలకాయ ఒకటే గిర్రున తిరుగుతాండాది. అప్పుడు మా కోర్సు సారు ఎప్పుడో చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ పొద్దు నేను పక్క పిల్లతో ముచ్చట్లాడతా సగమే విన్నా. ఈ షీటుకు ఒక దినమంతా కలిపి ఒకటి. అంటే పదంటే పది దినాలు. దినానికి ఇరవై నాలుగు గంటలు. పది ఇరవై నాలుగులు...

నేను పెట్టిన లెక్క గోడ గడియారం లెక్క. ఇరవై నాలుగు గంటలు నిండితే మళ్లీ సున్నా నుంచి మొదలు. నిండిన దినాలు పక్కకు నెట్టి మిగిలింది మాత్రమే చూపిస్తాది. బామ్మర్దిది డెబ్బై గంటలైతే, రెండు దినాలు పోయి ఇరవై రెండు కనపడింది. జెండక్కది పది దినాలు సరిగ్గా నిండింది కాబట్టి మిగిలింది సున్నా. ఆ సున్నాకు తెల్ల రంగు కొట్టింది నేను. ఒక్క బద్ద తక్కువ తోలుంటే ఏదో ఒక అంకె కనపడేది. ఆమె లెక్క తప్పకుండా దిగింది కాబట్టే మాయమైపోయింది!

సరిగ్గా అప్పుడే సేఫ్టీ సారు చివరి కుప్ప పెట్టి తలెత్తినాడు. "రెండొందల ముప్పై ఏడు."

"మూడు తక్కువమ్మా," అన్నాడు. ఆయనకూ బాధగానే ఉండాది. బేగ సారు గొంతు సవరించుకొని, "రూల్సంటే రూల్సు కదా సార్," అన్నాడు.

జెండక్క మెల్లగా, "సార్, ఒక మాట చెప్తే కోపం చేసుకోరు కదా?" అంది.

"హేళమ్మా, చెప్పు."

"ఆ మూడు మీరే తిన్న్యారు సార్. ఎంచుతా ఎంచుతా."

సారు చెయ్యి మీసాల దగ్గరికి పోయింది. అక్కడ ఎర్రని సెనక్కాయ పొట్టు అతుక్కొని ఉండాది. "నానా? నేనా?" అన్నాడు. ఆయన దవడ ఇంకా కదల్తానే ఉండాది. బేగ సారు కళ్లు మూసుకున్నాడు. అప్పుడు, ఆ సీటు కోసం పోటీకొచ్చిన బామ్మర్ది లేచి, "అవును సార్, నేనూ చూస్తి. మూడే. మొదట ఒకటి, ఆ మీద రెండు ఒక్కసారే," అని సాక్ష్యం చెప్పినాడు. వాళ్ల బావ చూసిన చూపుకు వేరే ఎవరైనా కాలిపోయేవాళ్లు.

సారు నోట్లో ఉండేది మింగి, చేతులు దులుపుకున్నాడు. "సరే అమ్మా, నేను ఒప్పుకుంటా. కానీ సెనక్కాయల మీద సంతకం పెట్టేకి ఆగల్ల, కుదరదు. నాకు పేపరు కావాల." అని ఆ తెల్ల ఖాళీ వైపు వేలు పెట్టి చూపించినాడు.

పోటీకొచ్చినవాడే లేచి నిజం చెప్పినాడు. ఇంకా నోరు మూసుకొని కూర్చుంటే నేను మనిషినే కాదు. లేచి నిలబడినాను. "సార్, తప్పు అక్కది కాదు. సిస్టందీ కాదు. నాది," అని మొదలుపెట్టి, గడియారం లెక్క, తెల్ల రంగు, అన్నీ కక్కేసినాను. ఏడుపు కూడా వచ్చేసింది, ఎందుకు దాచాల. టైం చూపించే పద్ధతుల లిస్టులో 37:30:55 అని ఒక నమూనా ఉండేది. ముప్పై ఏడు గంటల గడియారం యాడుంటుందో అని దాన్ని చూసి దినామూ నవ్వుకునేదాన్ని. ఆ పొద్దు దాని మీదే నొక్కినాను. జెండక్క పేరుకెదురుగా 240:00:00 అని పడింది. దాని పక్కన అన్ని సున్నాలున్నా, బేగ సారు ఒక్క మాట అనల్యా.

సేఫ్టీ సారు రెండుసార్లు చూసి, కొత్త ప్రింటు మీద సంతకం పెట్టినాడు. గంట తరవాత జెండక్క కొత్త బూట్లతోనే డంపరెక్కి, ఏటవాలు దారిలో రివర్సు ఎక్కించి, గీత మీద అంగుళం తేడా ల్యాకుండా నిలబెట్టింది. సీటు ఆమెదైంది. నాకు మాత్రం పోతా పోతా సారు, "ఈ పాపను ఇంకో మూడు నెలలు చూసి పర్మనెంటు చేయండి," అని చెప్పి జీపెక్కినాడు. తిన్న గింజకు ఒక నెల లెక్కనేమో. న్యాయమే.

ఆ సాయంత్రం జెండక్క ఖాళీ డబ్బా తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. "ఇంక నాకెందుకు పాపా, నీ లెక్క ఉండాది కదా. నువ్వే పెట్టుకో," అంది. ఆ ఒక్క మాటకు నేను పొంగిపోయి, మళ్లీ ఏడ్చినాను. ఎనిమిదేండ్లయింది. ఇప్పుడు ఆ ఆఫీసులో ఇద్దరు పిల్లలకు నేనే షీట్లు నేర్పిస్తాండా. ఆ డబ్బాలో పెన్నులు పెట్టుకొని, వచ్చినవాళ్లందరికీ, "నా లెక్క మీద నమ్మకంతో మా జెండక్క ఇచ్చింది," అని గొప్పగా చెప్పుకుంటాన్నాను. (డంపరు తోలినా ఆమె ఇప్పటికీ జెండక్కనే.)

పోయిన వారం ఆమె బండి మీటరు రాసుకోడానికి క్యాబిన్లోకి ఎక్కినాను. ఆమె కింద టైర్లు చూసుకుంటాండాది. సీటు కింద పెన్ను పడితే వంగినాను. అక్కడొక సత్తు డబ్బా, కొత్తది. మూత తీసి చూస్తే సెనక్కాయ గింజలు, మీద ఒక బద్ద. ఎనిమిదేండ్లుగా నేను మోసుకు తిరిగిన గొప్పంతా ఆ డబ్బాలో కూలబడిపోయింది. ఇరవై రెండేండ్ల ఆ పిల్లయితే మొహం ముడుచుకొని కిందికి దిగేది. నేను మూత గట్టిగా పెట్టి, ఉన్నచోటే పెట్టేసి, కిటికీలో నుంచి, "అక్కా, నిన్న ఎన్ని గంటలు తోలినావు?" అని అడిగినాను.

ఆమె తల కూడా ఎత్తకుండా, "ఆరున్నర పాపా," అంది.

ఆఫీసుకు పోయి, కూర్చోకముందే షీటు తెరిచి చూసుకున్నాను. ఆరున్నరే ఉండాది. అమ్మయ్య, నా లెక్క సరిపోయింది.